పద్నాలుగో పైపు

"మేడమ్, ఇదీ అక్కడే!"

ఫర్హీన్ గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం ఈసారి లేదు. డాక్టర్ సూర్యకళ చేతిలో టేపు వదిలేసి, సందులోంచి పక్కకి ఒరుగుతూ తొమ్మిదో పైపు దగ్గరికి వచ్చింది.

ఉప్పలరేవు అణు విద్యుత్ కేంద్రంలో పైపుల హాలు అది. రియాక్టర్ వేడిని టర్బైన్ దాకా మోసుకెళ్ళే స్టీలు పైపులు, ఒక్కొక్కటీ తాటిమాను లావున, నేల నుంచి కప్పుదాకా నిలబడి ఉన్నాయి. పందొమ్మిదేళ్ళుగా వాటిలో చుక్క నీరు పారలేదు. రేపు, విజయదశమి రోజున, ఉదయాన్నే పారబోతోంది.

పైపు అడుగున, ఉన్ని కప్పు తీసిన చోట అంటుకుని ఉన్న చపాతీ అంత బిళ్ళ సన్నగా రొదపెడుతోంది. దాని అసలు పేరు లోహస్మృతి. సూర్యకళ పన్నెండేళ్ళ కష్టం. ప్లాంటులో మాత్రం అందరూ 'డాక్టరమ్మ బిళ్ళ' అంటారు. బిళ్ళ లోహంలోకి శబ్దాన్ని పంపుతుంది. కాగినప్పుడల్లా, దెబ్బ తగిలినప్పుడల్లా లోహం లోపలి రేణువులు ఇసుమంత జరుగుతాయి. మళ్ళీ పాత చోటికి రావు. తిరిగొచ్చిన శబ్దంలో ఆ జరుగుళ్ళన్నీ పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పొరలు విప్పి, ఏ ఏడు ఏ నెలలో ఏం జరిగిందో తెరమీద చూపిస్తుంది యంత్రం. మొదటిరోజు ఫర్హీన్ నమ్మక తన టిఫిన్ డబ్బా దాని కింద పెట్టింది. ఆరేళ్ళ క్రితం జూన్ నెలలో గోడకి గట్టిగా తగిలిందని చెప్పింది బిళ్ళ.

"మా అమ్మ విసిరింది మేడమ్, ఎమ్‌టెక్‌లో చేరతానన్నానని," అని ఒప్పేసుకుంది ఫర్హీన్.

ఇప్పుడు తెరమీద, పైపు గోడలో, వెంట్రుకలాంటి ఎర్రటి గీత కనిపిస్తోంది. పగులు.

"ఎత్తు?" అడిగింది సూర్యకళ.

"నేల నుంచి నాలుగడుగుల ఏడంగుళాలు. వెల్డింగు అతుక్కి జానెడు పైన. ముందు ఎనిమిదింటికీ ఇదే ఎత్తు."

"లోపల్నుంచి బయటికా?"

"బయట్నుంచి లోపలికి. అదే నాకు అర్థం కావట్లేదు. వేడి, నీళ్ళు, ప్రెషర్, అన్నీ లోపలే కదా ఉండేది? బయట ఏముంది, వేడి పోకుండా చుట్టిన ఉన్ని కప్పు తప్ప?"

రూలు ప్రకారం పరీక్షలు చేసేది అతుకుల దగ్గరే. అతుకులన్నీ బాగున్నాయి. కప్పు కింద, అతుకు లేని పైపు మధ్యలో పగులుంటుందని ఎవరూ అనుకోరు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు.

"తేదీలు తియ్యి."

ఫర్హీన్ తెరమీద వేలు ఆడించింది. "ఏడాదికి ఒక్క మచ్చ మేడమ్. అక్కడ్నుంచే పగులు కొంచెం కొంచెంగా లోపలికి దిగింది. ప్లాంటు నడిచిన ఆఖరి ఐదేళ్ళు చూడండి. ఒక ఏడు అక్టోబరు పదిహేను దరిదాపుల్లో. మరుసటేడు అయిదు. ఆ తరవాత ఇరవై నాలుగు. తరవాత పన్నెండు. తరవాత రెండు. ఇంకా తమాషా ఏంటంటే, ప్లాంటు మూసేశాక కూడా ఏటా మచ్చలున్నాయి. నీళ్ళు లేవు, వేడి లేదు, మనుషులు లేరు. ఎవరొచ్చి గిల్లి వెళ్తున్నారు దీన్ని?"

సాయంత్రం అయిదింటికి లెక్క తేలింది. ఉన్నవి ఇరవై మూడు పైపులు. అన్నిటిలోనూ పగుళ్ళు. ఇరవై నాలుగు ఉండాల్సింది, పద్నాలుగోది లేదు. దాని చోట రెండు మొండాలకీ మూతలు బిగించి ఉన్నాయి. పందొమ్మిదేళ్ళ క్రితం ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం ఆ పైపు పగిలింది. ఆవిరి హాలంతా కమ్మేసింది. పక్కన నిలబడి మీటరు చూస్తున్న ఇరవై నాలుగేళ్ళ టెక్నీషియన్ బతకలేదు. అతని పేరు ధనుంజయ్. సూర్యకళకి అన్న. ప్లాంటు మూతపడింది ఆ రోజే.

*

ప్రాజెక్టు డైరెక్టర్ నిరంజనరావు అంతా ఓపిగ్గా విన్నాడు. అరవై దగ్గరపడిన మనిషి. మూడేళ్ళుగా ఈ ప్లాంటు తెరిపించడం తప్ప ఆయనకి వేరే ధ్యాస లేదు. గదిలో కరెంటు లేదు. అక్టోబరు ఇరవయ్యో తేదీ వస్తోంది, బయట ఇంకా నలభై మూడు డిగ్రీలు.

"పైపులు బాగున్నాయని మీ సంతకం లేకుండా ఇంధనం పెట్టను. మాటిచ్చాను కదా," అన్నాడు. "రేపటిది వట్టి వేడి పరీక్ష. మామూలు నీళ్ళు. నూట అరవై కిలోల ప్రెషర్ దాకా తీసుకెళ్తాం. మీ పగుళ్ళు నిజమైతే అక్కడే తేలిపోతుంది."

"ఎనభై మంది హాల్లో నిలబడి ఉండగా తేలాలా సార్? పూజకి పాత స్టాఫు మొత్తాన్నీ పిలిచారు."

"పూజ జరుగుతున్నంతసేపూ నలభై కిలోలు దాటనివ్వను."

"పూజ తీసుకెళ్ళి బయట పెట్టుకోండి."

"ఆయుధ పూజ ఆయుధం దగ్గర చేయక క్యాంటీన్లో చేస్తారా డాక్టర్ గారూ?" నిరంజనరావు నవ్వాడు. "మీ నాన్నగారినే అడగండి, ఏమంటారో."

*

వాళ్ళ నాన్న గొర్లె అప్పలసూరి వరండాలో ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి దండెం మీద వేసుకుని, స్టీలు పళ్ళెంలో కుంకుమ ఉండలు నలుపుతున్నాడు. డెబ్భై నాలుగేళ్ళు. ఒకప్పుడు ప్లాంటులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్, ఇప్పుడు ప్లాంటు తెరిపింపు కమిటీకి అధ్యక్షుడు. కాలనీలో పన్నెండొందల కుటుంబాలు మూడొందలకి దిగిపోయినా ఆయన కదల్లేదు.

"వచ్చినావా అమ్మా? సంతకం అయిపోనాదా?"

"ఇంకా లేదు నాన్నా."

"ఇంకా ఏటి చూస్తావు? అత్తారింటోళ్ళు కొత్త కోడల్ని వంకలు వెతికినట్టు వెతుకుతున్నావు ఆ ప్లాంటుని." ఆయన పళ్ళెం పక్కకి జరిపి కూతురికి చోటిచ్చాడు. "రేపు ఇరవై మూడింటికీ నా చేత్తోనే పెట్టాలి బొట్టు. ఏ ఏడూ మానలేదు. మూసేసినాక కూడా వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికెళ్ళి పెట్టొచ్చేను. దిక్కులేనిదానిలా వదిలెయ్యకూడదు కదా."

సూర్యకళ కూర్చోబోయి ఆగిపోయింది.

"నడిచే రోజుల్లో ఎలా పెట్టేవారు నాన్నా? పైన ఉన్ని కప్పు ఉంటుంది కదా?"

"దసరాకే కదమ్మా ఏటా షట్‌డౌను. తనిఖీకి కప్పు ఎలాగూ తీస్తాం. అప్పుడు ఇదిగో," అప్పలసూరి తన గుండె ఎత్తున గాలిలో బొటనవేలు ఆనించి చూపించాడు, "ఇక్కడ పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరినీళ్ళు చిలకరించి మళ్ళీ కప్పు బిగించీసేవోళ్ళం."

"తుడవకుండానా?"

"బొట్టు తుడుస్తారేటి ఎవలైనా?" ఆయన మొహం చిట్లించాడు. "అశుభం కాదూ! ఒకేడు కొత్త ఇంజినీరొకడు స్పిరిట్ సీసా, దూది పట్టుకుని వచ్చేడు, రూలంట, తుడవాలంట. పొమ్మన్నాం. పై ఆఫీసరు కూడా మాకే వంత పాడినాడు. ఆయనా ఇంట్లో పూజ చేసుకునేవోడే కదా."

"ఈ కుంకుమ ఎక్కడిది?"

"సంతలో కొంటాను. గుడి కుంకుమ వేడికి నల్లబడిపోద్ది. ఇదైతే మళ్ళీ దసరాకి కప్పు తీసేసరికి పెట్టినట్టే ఎర్రగా ఉంటాది."

అక్టోబరు పదిహేను. అయిదు. ఇరవై నాలుగు. పన్నెండు. రెండు. సూర్యకళ ఫోను తీసి పాత పంచాంగాలు వెతికింది. చూడక్కర్లేదని తెలుసు, అయినా ఐదూ చూసింది. ఐదూ దసరాలే.

"ఏటమ్మా, మొహం అలా అయిపోనాది? భోజనం చేసినావా?"

"చేశాను."

"ఆ రామినాయుడు అతుకు సక్రమంగా వేసుంటే మీ అన్నే రేపు బొట్టు పెట్టీవోడు." అప్పలసూరి మళ్ళీ కుంకుమ నలపసాగాడు. "వాడి పక్కన కూర్చుని ఒకే క్యారియర్లో తిన్నాను పదేళ్ళు. వాడు సరిగ్గా అతుకు వెయ్యలేదని విచారణలో చెప్పినప్పుడు నా నోరు వణకలేదు. ఎందుకు వణకాల?"

ఆ సాక్ష్యంతోనే వెల్డర్ చింతాడ రామినాయుడి లైసెన్సు పోయింది. ఏడాదిన్నర జైల్లో ఉన్నాడు. ఇప్పుడు బజార్లో కిటికీ గ్రిల్స్ చేసుకుంటున్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఎదురుపడితే చెరో పక్కకీ తప్పుకుంటారు.

చెప్పాలని సూర్యకళ నోరు తెరిచింది. నాన్న ఎర్రబడిన బొటనవేలు చూసింది. 'ఇంకా తేల్చుకోవాలి' అని తనకి తానే చెప్పుకుని, చిటికెడు కుంకుమ కాగితంలో పొట్లం కట్టుకుంది. నిజానికి తేల్చుకోవాల్సింది ఏమీ లేదని ఆమెకి తెలుసు. ధైర్యం చాలలేదు, అంతే.

*

ఉదయం ఏడింటికి ల్యాబులో ఫర్హీన్ తెర వైపు వేలు చూపించింది. "సీసం. నూటికి పదకొండు పాళ్ళు. ఇది కుంకుమ కాదు మేడమ్, గేటుకి వేసే ఎర్ర పెయింటు. పైన కొబ్బరినీళ్ళలో ఉప్పు. ఆ రెంటినీ కప్పు కింద పెట్టి, మూడొందల డిగ్రీల్లో ఏడాదంతా ఉడికిస్తే స్టీలుకి చెదపురుగు పట్టినట్టే. ప్లాంటు మూసేశాక వేడి పోయింది గానీ సముద్రపు చెమ్మ దొరికింది." ఆమె ఆగింది. "ఇది పెట్టింది ఎవరో మీకు తెలుసు కదా."

"పద. పద్నాలుగోది చూడాలి."

పగిలిన పైపు ముక్కలు విచారణ ముగిశాక కూడా సీలు వేసి గోడౌన్లోనే ఉంచారు. సీలు తీయించడానికి గంట పట్టింది. నోరు తెరుచుకుని ఉంది పైపు. చీలిక సరిగ్గా అతుకు మధ్యలోంచి పోయింది. అప్పట్లో చూసినవాళ్ళు అతుకుదే తప్పనుకోవడంలో ఆశ్చర్యం లేదు. సూర్యకళ బిళ్ళ ఆనించింది.

రెండు నిమిషాలు.

పగులు పుట్టింది అతుకు దగ్గర కాదు. జానెడు పైన. అక్కడ ఒకదాని మీద ఒకటి పన్నెండు మచ్చలు, పన్నెండు దసరాలు. అక్కడ్నుంచి కిందికి పాకి, అతుకుని చేరి, అక్కడ ఆగింది. నాలుగు నెలలు ఆగింది. ఆ నాలుగు నెలలూ పైపుని విడిపోకుండా పట్టుకుని ఉన్నది రామినాయుడి అతుకొక్కటే.

ఫర్హీన్ ఆ గీత వెంట అతుకుదాకా వేలు జరిపింది. తరవాత గోడ గడియారం చూసి, "మేడమ్, తొమ్మిదీ నలభై! పదింటికే పూజ!" అంది.

*

కంట్రోల్ రూమ్‌లో ప్రెషర్ అంకె యాభై రెండు చూపిస్తోంది.

"నలభై అన్నారు," అంది సూర్యకళ ఆయాసపడుతూ.

నిరంజనరావు ఆమె చేతిలోని కాగితాలు తీసుకున్నాడు. నిలబడే చదివాడు, చివరిదాకా. అబద్ధమని అనలేదు.

"మంత్రిగారు పదకొండుకి వస్తున్నారు. అప్పటికి వంద చూపించాలి," అన్నాడు మెల్లిగా. "మొన్న మే నెలలో జిల్లా ఆసుపత్రిలో జనరేటర్ ఆగిపోయి పదకొండు మంది పోయారు. అందులో మా అత్తగారు ఒకరు. మీ పైపులు పగలొచ్చు, పగలకపోవచ్చు. కరెంటు లేకపోతే మనుషులు పోవడం మాత్రం ఖాయం. నేను చూశాను."

"హాలు ఖాళీ చేయించండి. ఆ తరవాత ఎంతకైనా పెంచుకోండి."

"నాలుగు టీవీలు లైవ్ ఇస్తున్నాయి. అణు ప్లాంటులోంచి జనం పరిగెత్తారు అని ఒక్కసారి వచ్చిందంటే, ఈ రాష్ట్రంలో ఇంకెవరూ ఈ గేటు తెరవరు. ఒక్క గంట. అంతే అడుగుతున్నాను."

తెరమీద అంకె యాభై ఎనిమిదికి మారింది.

సూర్యకళ వెనక్కి తిరిగింది. మెట్లు దిగి పరిగెత్తింది.

హాలు నిండా జనం. గుమ్మాలకి మామిడి తోరణాలు, బంతిపూలు, తెల్లబడ్డ తలలు, బిగుతైపోయిన పాత ఖాకీ చొక్కాలు. పైపులు అప్పుడే సెగలు కక్కుతున్నాయి. బొట్టు పెట్టడానికి వీలుగా ఒక్కో పైపుకీ ఉన్ని కప్పులో చిన్న కిటికీ తెరిచి ఉంచారు.

"అందరూ బయటికి వెళ్ళండి! పైపుల్లో పగుళ్ళున్నాయి!"

కొన్ని తలలు తిరిగాయి. ఎవరో నవ్వారు.

"డాక్టరమ్మా, ఈ పైపులకి ఆనుకుని కునుకు తీసినోళ్ళం మేము," అన్నాడొక ముసలాయన. "నువ్వు లంగా జాకెట్టుతో గేటు కాడికి క్యారియర్ పట్టుకొచ్చినప్పటి నుంచీ తెలుసు మాకు వీటి సంగతి. నీ బిళ్ళ నిన్న గాక మొన్న పుట్టింది."

"ఫోర్‌మన్ గారు చెప్పనీ, పోతాం," అన్నాడు ఇంకొకాయన.

అందరూ ఆ మాటకే తలలూపారు. సూర్యకళకి అర్థమైంది. ఈ ఎనభై మందినీ కదిలించగల గొంతు ఈ హాల్లో ఒక్కటే ఉంది. ఆ గొంతు కదలాలంటే రాత్రి తాను మింగేసిన మాట ఇప్పుడు చెప్పాలి.

అప్పలసూరి తొమ్మిదో పైపు దగ్గర ఉన్నాడు. ఎడమచేతిలో పళ్ళెం. కుడి బొటనవేలు కుంకుమలో ముంచి పైకెత్తాడు. సూర్యకళ వెళ్ళి ఆ మణికట్టు పట్టుకుంది.

"ఏటమ్మా ఇది? వదులు. కెమెరాలు చూస్తున్నాయి."

"నాన్నా, వీళ్ళని బయటికి పంపించు. పైపులు పగిలిపోతాయి."

"ఎవలన్నారు?"

"నేను అంటున్నాను. పద్నాలుగోది చూసి వచ్చాను. రామినాయుడు బాబాయి అతుకు బాగుంది. పగలింది అతుకు కాదు."

"అది కాకపోతే మరేటి?"

ఆమె తన పట్టులో ఉన్న చేతి బొటనవేలి వైపు చూసింది.

"ఏటమ్మా, చెప్పూ!"

"ఈ కుంకుమలో సీసం ఉంది. తుడవకుండా కప్పు వేశారు. ఏడాదంతా ఉడికి ఉడికి పైపుని తినేసింది. నువ్వు పెట్టిన ప్రతి చోటా పగులుంది నాన్నా. ప్రతి పైపుకీ. అన్నయ్య పక్కనున్న దానికి కూడా."

అప్పలసూరి తల తిప్పాడు. కూతురి మొహం చూశాడు. ఆమె చిన్నప్పుడు అబద్ధమాడితే ముక్కుపుటాలు అదిరేవి. ఇప్పుడు అదరడం లేదు. వేలు చూసుకున్నాడు. పైపుకి ఉన్న కిటికీ చూశాడు. మూసేసిన రోజుల్లో వాచ్‌మన్‌ని బతిమాలి తాను ఏటా పెట్టిన బొట్లు అక్కడ ఒకదాని మీద ఒకటి అట్టకట్టి, ఎర్రగా, రంగు చెడకుండా ఉన్నాయి.

"ఎన్ని కిలోలుంది?" అని అడిగాడు. గొంతు ఎవరిదోలా ఉంది.

"డెబ్భై దాటి ఉంటుంది."

ఆయన పళ్ళెం కింద పెట్టలేదు. చేతిలోంచి జారి పడింది. స్టీలు పళ్ళెం సిమెంటు మీద గిరగిరా తిరుగుతుండగానే, పందొమ్మిదేళ్ళుగా ఆ హాలు వినని కేక లేచింది.

"హాలు ఖాళీ! తూర్పు తలుపు! అన్నీ ఎక్కడివక్కడ వదిలీండి! నడవండి!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. పన్నెండేళ్ళు ఆ గొంతు చెప్పినట్టు నడిచిన కాళ్ళవి. కొబ్బరికాయలు, చెప్పులు, కళ్ళజోళ్ళు వదిలేసి తూర్పు తలుపు వైపు సాగారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళని పక్కవాళ్ళు భుజం పట్టి ఈడ్చుకెళ్ళారు. కెమెరావాళ్ళు అటూ ఇటూ చూసి వాళ్ళూ పరిగెత్తారు. ఫర్హీన్ తలుపు దగ్గర నిలబడి బయటికి వచ్చేవాళ్ళని లెక్కపెడుతోంది. అప్పలసూరి మాత్రం తొమ్మిదో పైపు దగ్గరే ఉండిపోయాడు.

"నాన్నా, రా!"

"నువ్వు నడమ్మా. నేను చూసుకుంటాను."

"చూసుకునేదేం లేదు. ఇంకా ఒక పని ఉంది నీకు. రామినాయుడు బాబాయి బతికే ఉన్నాడు."

ఆ మాటకి ఆయన కదిలాడు.

ఇనుప తలుపు మూసి చక్రం బిగించారు. ఖాళీ హాలు టీవీల్లో కనిపించాక నిరంజనరావుకి దాచడానికి ఏమీ మిగల్లేదు. ప్రెషర్ దించమని చెప్పాడు. అంకె తొంభై ఒకటి నుంచి కిందికి దిగడం మొదలైంది. ఎనభై తొమ్మిది. ఎనభై అయిదు. "చూశారా, ఏమీ కాలేదు," అని కంట్రోల్ రూమ్‌లో ఎవరో అంటూనే ఉన్నారు.

ఎనభై మూడు దగ్గర తొమ్మిదో పైపు చీలింది.

తలుపు అవతల నుంచి వచ్చింది పేలుడు చప్పుడు కాదు. మొదట సన్నటి ఈల. తరవాత తారురోడ్డు మీద లారీ బోల్తాపడి ఈడ్చుకుపోతున్నట్టు ఆగకుండా ఒకటే మోత. తలుపుకున్న గుండ్రటి అద్దం తెల్లబడిపోయింది. ఎనభై మంది ఆవరణలో ఎండలో నిలబడి ఆ అద్దం వైపు చూశారు.

*

"నేను చేసింది తప్పే," అన్నాడు నిరంజనరావు.

ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయింది. మంత్రి కార్లు సగం దారిలోనే వెనక్కి తిరిగాయి.

"పైపులన్నీ మార్చి మళ్ళీ మొదలుపెడితే?"

"నాలుగేళ్ళు పడుతుంది," అంది సూర్యకళ. "బాగా కష్టపడితే. అప్పుడు నేనే సంతకం పెడతాను."

"నాలుగు ఎండాకాలాలు." ఆయన తల పట్టుకున్నాడు. మళ్ళీ తలెత్తి అన్నాడు: "రిపోర్టులో లోహం పాతబడిందని రాద్దాం. అది అబద్ధం కూడా కాదు. పెద్దాయన పేరు ఎందుకు? ఈ వయసులో ఊరంతా ఆయన్ని వేలెత్తి చూపించాలా? పైగా పూజ సంగతి బయటికొస్తే ఇంకో గొడవ."

ఆమె మనసు ఒక్క క్షణం అటు లాగింది. ఎంత సులువు! రెండే రెండు పదాలు. నాన్న వరండాలో పేపరు చదువుకుంటాడు. బజార్లో ఒక ముసలి వెల్డర్ మాత్రం ఎప్పటిలాగే గ్రిల్స్ చేసుకుంటూ ఉంటాడు.

"చూసిందే రాస్తాను సార్."

జీపులో అప్పలసూరి ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. కుడి బొటనవేలిని పంచె అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. ఎప్పట్నుంచి తుడుస్తున్నాడో, చర్మం కమిలింది. ఆమె డైరెక్టర్ అన్నది దాచకుండా చెప్పింది.

ఆయన తుడవడం ఆపి, "బజారు వైపు తిప్పమను," అన్నాడు.

*

బజార్లో కరెంటు లేదు. కొట్ల ముందు అరుగుల మీద, వేపచెట్ల కింద జనం కూర్చుని విసురుకుంటున్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. అన్నిట్లోనూ తెల్లటి పొగ కమ్మిన అద్దం. ఇక ప్లాంటు తెరవరని అప్పుడే పాకిపోయింది.

రామినాయుడు కొట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. అరవై ఆరేళ్ళు, ఒక కంటిలో పువ్వు. గుమ్మంలో ఎవరున్నారో చూశాడు. లేవలేదు. కూర్చోమనలేదు.

సూర్యకళ తెర ఆయన ముందు పెట్టి, గీత ఎక్కడ పుట్టిందో, ఎక్కడ ఆగిందో చూపించింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. అతుకు ఉన్నచోట వేలు పెట్టాడు.

"ఇది నాదేనా?"

"మీదే బాబాయ్. నాలుగు నెలలు పట్టుకుని ఉంది. పైనుంచి వచ్చిన పగుల్ని ఆపింది."

"నాలుగు నెలలు," అన్నాడు రామినాయుడు. వేలు తీయలేదు.

"నాయుడూ," అన్నాడు అప్పలసూరి గుమ్మంలోంచే. "తప్పు నాది. నా కుంకుమది. ధనుంజయ్‌ని నేనే..." అక్కడ ఆగిపోయాడు. "ఏటి చెయ్యమంటే అది చేస్తాను."

రామినాయుడు కళ్ళజోడు తీసి మడిచాడు.

"విచారణ రోజు కమ్యూనిటీ హాల్లో ఎంతమంది ఉన్నారు సూరన్నా?"

"ఏటి?"

"నా చెయ్యి చచ్చుదని నువ్వు చెప్పిన రోజు. నేను తల దించుకుని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నీ వైపు చూడలేక. నూట నలభై ఒక్కరు. ఇప్పుడు నా కొట్లో ఎంతమందిమి ఉన్నాం? ముగ్గురం."

అప్పలసూరి వెనక్కి తిరిగి వీధిలోకి దిగాడు.

బజారు మధ్యకి వెళ్ళి ఎండలో నిలబడ్డాడు. ముందు ఎవరూ పట్టించుకోలేదు. తరవాత ఒకడు అరుగు మీంచే అరిచాడు: "ఫోర్‌మన్ గారూ! మీ అమ్మాయే చెడగొట్టిందంట గదా? ఇంకో నాలుగేళ్ళు ఉడికి చావాలా మేం?"

"చచ్చినోళ్ళెవరూ లేరు కదరా, ఇంకేటి కావాలి నీకు?" అన్నాడు పూజకి వచ్చిన ముసలాయన. "ఆ పిల్ల లేకపోతే మా ఎనభై శవాలూ నువ్వే మోసీవోడివి."

చిన్న గొడవ లేచింది. జనం అరుగులు దిగి దగ్గరికి వచ్చారు. సూర్యకళ నాన్న పక్కన నిలబడబోయింది. ఆయన చేత్తోనే వద్దన్నాడు. వెనక కొట్టు గుమ్మంలోకి రామినాయుడు వచ్చి, రెండు చేతులూ తలుపుచట్టానికి ఆనించి నిలబడ్డాడు.

"నేను... ఆ రోజు నేను చెప్పిన సాక్ష్యం..." అప్పలసూరి మొదలుపెట్టాడు. పొద్దున హాలంతా దద్దరిల్లించిన గొంతు ఇప్పుడు పక్కవాడికి కూడా వినపడేలా లేదు.

"వినబడ్డం లేదు!" అన్నారు వెనకనుంచి.

ఆయన నోరు తడుపుకున్నాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, గొంతు పెంచి, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.